‘మసక’ అని సరిపెట్టుకున్న మా ఇంగ్లీషు సారు

మా ఇంగ్లీషు సారు పోయినాడన్న సంగతి నాకు బస్సులో తెలిసింది. పొద్దున్నే కళ్యాణదుర్గం నుంచి నేను పని చేసే బడికి పోతాండా. ఊరి నుంచి మా తమ్ముడు ఫోను చేసినాడు. "అక్కా, సారును మోటార్ సైకిల్ గుద్దింది. ఆస్పత్రికి తీసుకపోయేలోపలే అయిపోయింది" అన్నాడు. యాడ అంటే మా ఊరి ముందర, కంబదూరు రోడ్డు మీద. పాలప్యాకెట్టు కోసం రోడ్డు దాటుతాంటే అంట. బాగా తెల్లవారింది, రోడ్డంతా ఖాళీ, వచ్చింది ఒకటే బండి. "అంత వెలుతురులో సారుకు బండి కనపడలేదా అక్కా?" అని వాడు మళ్ళీ మళ్ళీ అడుగుతాండాడు. ఎందుకు కనపడలేదో నాకు తెలుసు. అందుకే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. సారు మీదే కోపం. ఇది రాసేటప్పటికి కూడా ఆ కోపం పూర్తిగా పోలేదు. మీ దగ్గర దాచి నాకు ఏమొస్తుంది?

మా తట్టు సారును కూడా ‘వచ్చినాడు, పోయినాడు’ అనే అంటాం. అందులో అమర్యాద లేదు, దగ్గరితనమే ఉంది. నేనూ అట్లనే రాస్తాను, చదివేవాళ్ళు తప్పు పట్టుకోవద్దు.

సారు మా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాడు. బక్కగా, పొడుగ్గా ఉండేవాడు. మడత పెట్టిన చొక్కా చేతులు, చంకకు ఒక గుడ్డసంచి. మిగతా సార్లు సంచిలో అన్నం క్యారియరు తెచ్చుకునేవాళ్ళు. ఈయన సంచిలో ఆ దినం చెప్పబోయే మాటలు ఉండేవి. నిజంగానే చెప్తాండా. జల్లెడ, తాడు, పగిలిన అద్దం, చింతపండు, ఏది దొరికితే అది తెచ్చి బల్ల మీద పెట్టి, దాని ఇంగ్లీషు మాట దానికి పక్కనే నిలబెట్టి చూపించేవాడు. అర్థం బోర్డు మీద రాసేది చాలా తక్కువ. "చేతికి తగిలిన మాట మర్చిపోరు" అనేవాడు.

పదో తరగతిలో అర్ధసంవత్సరం పరీక్షలు అయినాక మా హెడ్మాస్టరు పిల్లలను రెండుగా విడగొట్టినాడు. పాసయ్యేవాళ్ళు గదిలో, కానోళ్ళు వరండాలో. వరండాలో ఉండేవాళ్ళకు ‘డల్ బ్యాచ్’ అని పేరు పెట్టినారు. చాలా బడుల్లో ఈ పద్ధతి ఉంది, ఇప్పటికీ ఉంది, పేర్లు మార్చినారు అంతే. నేను డల్ బ్యాచ్. నా పక్కన కూర్చునే పిల్లోడు, వాడి గురించి తర్వాత చెప్తా, వాడూ డల్ బ్యాచే. మాకు చెప్పడానికి ఎవరూ ముందుకు రాకపోతే సారు తానే అడిగి తీసుకున్నాడు.

మొదటి దినం సంచిలోంచి ఒక పాత కొడవలి తీసినాడు. చంకలో ఇంకో పక్క రోకలి కూడా ఉండింది. ఇంటి నుంచి రోకలి ఎత్తుకోని సైకిల్ మీద వచ్చినాడంటే దారిలో ఎంతమంది నవ్వింటారో! రెండూ మా ముందర పెట్టి, "ఈ రెండిట్లో దేంతో కోస్తే తెగుతుంది?" అన్నాడు.

"దేంతోనూ తెగదు సార్" అన్నాం.

"రెండూ ఒకటేనా?"

అప్పుడు రోకలి ఎత్తినాడు. "దీనికి పదును ఎప్పుడూ లేదు, దీని పనికి అది అక్కర కూడా లేదు. దీని కొన బ్లంట్." కొడవలి ఎత్తినాడు. "ఇది ఏండ్ల తరబడి జొన్న కోసింది. కోసి కోసి అరిగింది. ఇది డల్. డల్ కావాలంటే ముందు పదును ఉండాల, పని చేసుండాల. మీరు ఇంకా ఏం కోసినారని డల్ అయినార్రా?" అన్నాడు. మాకు నవ్వొచ్చింది. ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు అంతవరకు.

ఇంకో దినం కోణమానిని తెచ్చి అధికకోణం గీసి, ఆబ్ట్యూస్ అంటే ఇదీ అని చూపించినాడు. "ఇది కూడా మొనలేనిదే. మనిషికి వాడితే, చెప్పినా ఎక్కించుకోనోడు అని. అట్లాంటోళ్ళు మన బడిలో ఉన్నారు, కానీ వరండాలో లేరు" అని హెడ్మాస్టరు గది తట్టు చూసినాడు. మా ప్రాంతం వాళ్ళ మాట బ్లంట్ అనేవాడు. రోకటిపోటు లాగా తగులుతుంది గానీ కోయదు, దానికి భయపడొద్దు అనేవాడు.

కంటి మాటలు చెప్పింది ఎండాకాలంలో. వరండాలో కూర్చుంటే ఎదురుగా గుట్టలు. గాలికి దుమ్ము లేసి గుట్టలు కనపడీ కనపడకుండా ఉండేవి. "అది హేజీ" అన్నాడు. సాయంత్రం ఓల్టేజీ లేక ఎర్రగా వెలిగే బల్బును చూపించి "ఇది డిమ్" అన్నాడు. పంట ఇన్సూరెన్స్ ఎప్పుడొస్తుందని అడిగితే ఆఫీసులో "వస్తుందిలే, చూద్దాం" అంటారు చూడు, అది వేగ్ అన్నాడు. బ్లర్డ్ దగ్గరికొచ్చి, "వానలో బస్సు కిటికీ అద్దంలోంచి చూస్తే ఎట్లా ఉంటుంది, అట్లా" అన్నాడు. మేం మొహమొహాలు చూసుకున్నాం. వానలో బస్సెక్కిన జ్ఞాపకం మాలో ఎవరికీ లేదు. సారుకు వెంటనే అర్థమైపోయింది. తన కండ్లద్దాలు తీసి, తాగే నీళ్ళ సీసాలోంచి రవ్వన్ని నీళ్ళు వాటి మీద పోసి, ఒక్కొక్కరి కండ్లకు పెట్టినాడు. "చూడు పాపా. ఇదీ బ్లర్." నీళ్ళ వెనకాల వరండా స్తంభం వంకర్లు పోయింది. నాకు భలే అనిపించింది.

"తెలుగులో అన్నిటికీ మసక అంటే సరిపోతుంది కదా సార్" అన్నాడు నా పక్క పిల్లోడు.

"తెలుగులో మాటల్లేక కాదురా. మనకు ఓపిక లేక" అన్నాడు సారు.

ఆ ఏడు మా శెనక్కాయ చేను ఎండిపోయింది. ఊడలు దిగేటప్పుడు వాన ముఖం చాటేసింది. మా నాయన నన్ను బడి మాన్పించి రాయదుర్గం జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌కు పంపిద్దామనుకున్నాడు. సారుకు తెలిసి ఇంటికొచ్చినాడు.

"ఏమప్పా, పిల్లను రాయదుర్గం పంపుతాండావంట?"

"ఏం చేయమంటావు సార్? చేను నువ్వే చూస్తివి కదా."

"చూస్తి. నాదీ అట్లనే పోయింది. పంపుకో, నేనొద్దనను. పరీక్ష రాసినాక పంపు."

అంతే. చదువు గొప్పదనీ, ఆడపిల్ల చదవాలనీ ఉపన్యాసం ఇచ్చుంటే మా నాయన వినేవాడు కాదు. పరీక్ష రాసినాను, పాసైనాను. పాసైన పిల్లను పంపడానికి మా నాయనకు మనసు రాలేదు. ఈ పొద్దు నేను ఒక బడిలో ఇంగ్లీషు చెప్తాండానంటే దానికి సారే కారణం. నా పక్క పిల్లోడు తప్పినాడు. సారు వాణ్ణి వదల్లేదు. ఇంటికి పిలిపించుకోని చెప్పి, తర్వాత పాస్ చేయించినాడు.

సారు రిటైరైనాక ఊర్లోనే ఇంటి అరుగు మీద సాయంత్రం పూట పిల్లలకు ఊరికే చెప్పేవాడు. నేను పోయినప్పుడల్లా సారోళ్ళమ్మ, అదే సారు భార్య, ఉగ్గాని చేసి పెట్టేది. ఒకసారి పోతే సారు పేపరు చదువుతాండాడు. లోపలి పేజీలో చిన్న అక్షరాలు కూడా గడగడా చదువుతాండాడు. అమ్మ కాఫీ గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. సారు పేజీ తిప్పుతూ గ్లాసు తన్నేసినాడు. అమ్మ తుడిచింది, అది దినామూ అయ్యే పనే అన్నట్టు. సారు లేచి లోపలికి పోతా వాకిలి దారవందానికి భుజం కొట్టుకున్నాడు. పంచె పైకి కట్టుకున్నాడు కాబట్టి చూసినా, మోకాలి కింద అంతా కమిలిన మచ్చలు.

"ఏం సార్ ఇది?" అన్నా.

"మసకలే పాపా. పొరొచ్చింది. కంటి క్యాంపులో చూసినోళ్ళు మొదలైంది అన్నారు."

"వాళ్ళు ఇంకేం చెప్పలేదా?"

"పెద్దాస్పత్రిలో ఒకసారి చూపించుకో అన్నారు. అందరికీ అదే చెప్తారులే."

నాకు ఒళ్ళు మండింది. "మసక అంటే ఎట్లా మసక సార్? మాకు నేర్పిస్తిరి కదా. హేజీనా, బ్లర్డా, డిమ్మా?"

ఆయన నవ్వినాడు. తర్వాత నవ్వు ఆపి నిజంగానే ఆలోచించినాడు. "చదివే చోట షార్ప్‌గానే ఉండాది. నీ మొహం షార్ప్. పక్కలే... డిమ్ అనుకుంటి. డిమ్ కూడా కాదు. పక్కలు లేనట్టు ఉండాది."

"అయితే అది పొర కాదు సార్. పొరైతే అంతా మబ్బు కమ్మాల. అనంతపురం పోదాం పాండి, రేపే."

"పండనీ పాపా."

మా దిక్కు పెద్దోళ్ళకు ఈ మాట ఎముకల్లోకి దిగిపోయింది. కంటిలో పొర పండాల, పండినాకనే కోయాల అని. వెనకటికి డాక్టర్లే అట్లా చెప్పేవాళ్ళంట. సారును కన్నతల్లి అట్లనే కూర్చుని, గోడ పట్టుకోని తడుముకునే దాకా ఆగి, ఆపరేషన్ చేయించుకోని మళ్ళీ దారం సూదిలో ఎక్కించిందంట. ఆ ముసలామె చూపు రావడం సారు కండ్లారా చూసినాడు. అందుకని ఆయనకు నా మాట ఎక్కలేదు. "ఇప్పుడు అట్లా ఆగే పని లేదు సార్, కాలం మారిపోయింది" అంటే "నువ్వెప్పుడు డాక్టరైతివి?" అన్నాడు. నేను గొంతు పెంచినా. ఆయనా పెంచినాడు. అమ్మ మధ్యలో వచ్చి "మీ సారు మొండోడు పాపా, వదిలేయ్" అంది.

నేను ఇంటికి పోతా ఆలోచించినా. అనంతపురం జిల్లాలో పుట్టినోళ్ళకు కాచుకోవడం ఒక రోగం. విత్తనం కాయ ఇంట్లో పెట్టుకోని వాన కోసం కూర్చుంటాం. వాన రాకపోతే వచ్చే కార్తెకు వస్తుంది అంటాం. అది కూడా పోతే వచ్చే ఏడు అంటాం. ఏదైనా చెడిపోతాంటే లేచి పరిగెత్తే అలవాటు మాకు లేదు, కూర్చుని ఆకాశం చూసే అలవాటు ఉంది. ఇన్ని మాటలు తెలిసిన సారు కూడా ఆ విషయంలో మా నాయన లాంటోడే.

ఆయన అరుగు మీద నుంచి కింద పడినాకే అమ్మ నాకు ఫోను చేసింది. అప్పుడు నేను ఏమీ వినలేదు. బస్సెక్కించి అనంతపురం తీసుకపోయినా. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఇంట్లోనే ఉండిపోయింది. ఆస్పత్రిలో సారు తల ఒక యంత్రంలో పెట్టించి చేతికి ఒక బటన్ ఇచ్చినారు. చుక్కలాంటి వెలుతురు కనపడినప్పుడల్లా నొక్కాల. నేను తలుపు దగ్గర నిలబడినా. వాళ్ళు చూస్తాండారు, కంప్యూటర్ ఏదో చేస్తాండాది, సారు బటన్ నొక్కడం లేదు. పరీక్ష రాసే పిల్లోడి మాదిరి బుద్ధిగా కూర్చోనుండాడు. కొంతసేపటికి అడిగినాడు.

"ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?"

అక్కడుండే అమ్మాయి నా తట్టు చూసింది. నేను మొహం తిప్పుకున్నా.

నీటికాసులు, అదే గ్లాకోమా, అన్నాడు డాక్టరు. కంటిలో ఒత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోతా వస్తుంది. నొప్పి ఉండదు. పక్కల నుంచి తినుకుంటా మధ్యకొస్తుంది. చివరి దాకా చదవగలుగుతారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పోయింది తిరిగి రాదు, ఉండేదాన్ని మందు చుక్కలతో కాపాడుకోవాల. "ముందే వచ్చుంటే?" అని అడిగినా. "ముందే వచ్చుంటే చాలా మిగిలేది" అన్నాడు ఆయన. చెప్పే పద్ధతిలో కోపం లేదు. అట్లాంటోళ్ళను దినామూ చూస్తాడు కదా.

తిరుగు బస్సులో సారు కిటికీ పక్కన కూర్చున్నాడు.

"మీకందరికీ ఒక్కో మాట వేరు చేసి చూపిస్తిని. నా కంటి దగ్గరికొచ్చేసరికి మసక అని ఒక్క మాటతో సరిపెట్టుకుంటి."

మాట్లాడితే తిట్టేదాన్ని.

"పొర పండుతుంది అనుకుంటి పాపా. లోపల చెట్టే ఎండిపోతాంది."

ఆయన కండ్లు తుడుచుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నా. సారు చెయ్యి పట్టుకోవడం నా జన్మలో అదే మొదలు. ఇంటి దగ్గర దిగేటప్పుడు "అమ్మకు అంతా వివరంగా చెప్పండి సార్, ఇట్లా దాచుకునేది కాదు" అన్నా. "చెప్తాలే. నేనే చెప్తా" అన్నాడు.

తర్వాత సారు చుక్కలు తప్పకుండా వేసుకున్నాడు. సైకిల్ అమ్మేసినాడు. పిల్లలకు చెప్పడం మాత్రం మానలేదు. మనిషి నడక మారింది. ఏదైనా చూడాలంటే కోడి మాదిరి తల మొత్తం తిప్పి చూసేవాడు. నేను పోయినప్పుడు "సూటిగా కనపడేదాన్నే లోకం అనుకోవడం కూడా ఒక గుడ్డితనమే" అన్నాడొకసారి. ఆయన అట్లా మాట్లాడితే నేను మాట మార్చేసేదాన్ని. పొద్దున పాలు తేవడం మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. అదొక్కటే తన చేతిలో మిగిలిన పని అనేవాడు.

ఫోనొచ్చిన ఆ పొద్దు నేను బడికి పోకుండా దిగి ఇంకో బస్సులో ఊరికి పోయినా. సారును అరుగు మీద పడుకోబెట్టినారు. వాకిట్లో నేల మీద ఒకడు కూర్చోనుండాడు, చొక్కా చినిగింది, మొహం వాచింది. దగ్గరికి పోతే తెలిసింది, వరండాలో నా పక్కన కూర్చునే పిల్లోడు. ఇప్పుడు మీసాలు నెరిసినాయి. కంబదూరు నుంచి కూరగాయలు బండి మీద తెచ్చి అమ్ముకుంటాడు. గుద్దింది వాడే.

"హారన్ కొట్టినాక్కా" అన్నాడు. "సారు తల తిప్పి నా తట్టే చూసినాడు. ఒట్టు. చూసినాడు కదా, నిలబడతాడు అనుకుంటి. చూసి చూసి నా బండి ముందరికే నడిచొచ్చినాడక్కా."

ఊరోళ్ళు వాణ్ణి కొట్టినారు. సారోళ్ళమ్మ బయటికొచ్చి "వాడు మన పిల్లోడప్పా, వదిలేయండి" అని అరిచినాక వదిలినారు. వాడు మాత్రం పోలేదు. సారును చేన్లో మట్టి చేసేదాకా ఉన్నాడు. నేల గడ్డపారకు లొంగలేదు. బిందెలతో నీళ్ళు తెచ్చి పోసి, నానబెట్టి నానబెట్టి తవ్వినారు. ఆ తవ్విన వాళ్ళలో వాడూ ఉన్నాడు, ఏడుస్తానే తవ్వినాడు.

దినాలు అయినాక, చుట్టాలందరూ పోయినాక అమ్మ నన్ను కూర్చోబెట్టుకుంది. అరుగు మీద ఇద్దరమే ఉన్నాం.

"నిజం చెప్పు పాపా. పేపరు చదివే మనిషికి బండి కనపడలేదా? పాలకు నువ్వెందుకు పంపితివని అందరూ నన్నే అంటాండారు. నా కొడుకు కూడా అనె. పొర అన్నాడు, చుక్కలేసుకుంటాండాడు, తగ్గుతాంది అన్నాడు. తగ్గుతాంది అంటేనే కదా పంపితి."

ఆయన చెప్పలేదు. అప్పుడు తెలిసింది నాకు. చెప్తా అన్న మనిషి చివరి దాకా పొర అనే చెప్పినాడు. పాలు తెచ్చే పని కూడా మాన్పిస్తారని భయపడినాడో, ఆమె భయపడుతుందని దాచినాడో ఇంక ఎవరికి తెలుస్తుంది? నేను నీటికాసుల సంగతి అంతా చెప్పినా. నరం, ఒత్తిడి, డాక్టరు మాటలు. ఆమె తల ఊపుతాంది గానీ ఎక్కడం లేదు.

"అట్లా కాదు. ఎట్లా కనపడేది మీ సారుకు? అది చెప్పు."

నా రెండు పిడికిళ్ళూ గొట్టాల్లాగా చుట్టి ఆమె రెండు కండ్ల మీద పెట్టినా. ఆమె చూసింది. వాకిలి చూసింది. పక్కనే ఉండే నీళ్ళపొయ్యి కోసం తల తిప్పి వెతుక్కుంది. తన చెయ్యి చాపి, ఆ చెయ్యి యాడుందో తెలీక గాల్లో తడుముకుంది.

"ఇంతేనా?"

"ఇంతేమ్మా."

"ఇంత సందులోంచే నా మొహం చూసేవాడా? ఇట్లనే దినామూ రోడ్డు దాటి పోయొచ్చేవాడా?"

ఏడుపు ఆపుకోలేక చేతులు తీసేయబోయినా. ఆమె నా మణికట్లు రెండూ గట్టిగా పట్టుకుంది.

"ఉండనీ పాపా, కొంచేపు" అని, నా పిడికిళ్ళను తన కండ్లకే అదుముకుని, మెల్లగా రోడ్డు తట్టు తల తిప్పింది.